తొలకరి కార్తీకంలో పడే దేశం

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్‌ని. మాది కనిగిరి వైపు పల్లెటూరు. ఆదివారాలు మా చర్చిలో సండే స్కూల్ కూడా నేనే చెప్తాను. ఈ ఏడాది పాత నిబంధన చరిత్ర వరసగా చెబుదామని మొదలుపెట్టి ఇరుక్కుపోయాను. ఇశ్రాయేలు ఒకచోట మనిషి పేరు, ఇంకోచోట దేశం పేరు, మరోచోట సగం దేశం పేరే. యూదా, యూదయ ఒకటేనా? సమరయ ఎక్కడుంది? మొన్న ఒక పిల్లవాడు "కల్దీయుల ఊరు అంటే ఏ ఊరు టీచర్?" అన్నాడు. తెల్లమొహం వేశాను. ఇది చాలదన్నట్టు హైదరాబాద్‌లో చదువుకునే మా మేనల్లుడు పండక్కి వచ్చి, "దావీదు అనేవాడే లేడత్తా, అదంతా తర్వాత అల్లిన కథ" అని నలుగురిలో అనేసి వెళ్లాడు. అప్పటినుంచి పిల్లల ముందు నిలబడాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? మరో చిన్న సందేహం, మా క్లాసులో ఒక పాపది: ఉప్పు సముద్రంలో చేపలుంటాయా?

జవాబు: టీచర్ గారూ,

ముందు ఆ పిల్లవాడి సంగతి తేలుద్దాం. వాడి తప్పేమీ లేదు. తెలుగు బైబిల్లో 'కల్దీయుల ఊరను పట్టణము' అని ఉంటుంది. 'ఊర్' అనేది ఆ పట్టణం పేరు. దానికి మన 'ఉ' కారం తగిలేసరికి పల్లెటూరైపోయింది. దక్షిణ ఇరాక్‌లో నాసిరియా పట్టణం పక్కన దాని దిబ్బ, మెట్లమెట్లుగా కట్టిన ఇటుకల గుడి ఇవాళ్టికీ ఉన్నాయి. అలాగే మన పుస్తకంలోని ఐగుప్తు అంటే పేపర్లో వచ్చే ఈజిప్టే, అష్షూరు అంటే ఉత్తర ఇరాక్, బబులోను అంటే బాగ్దాద్‌కు కిందివైపు, పారసీకం అంటే ఇరాన్. ఈ నాలుగూ బోర్డు మీద రాసిపెట్టండి, సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

ఇక అసలు సలహా. రాజుల జాబితాతో మొదలుపెట్టకండి. నేను చరిత్ర పాఠాలు చెప్పిన తొలి ఏళ్లలో సరిగ్గా అదే చేశాను. రెహబాము, అబీయా, ఆసా అని ఒక వైపు, యరొబాము, నాదాబు, బయెషా అని మరో వైపు రాసి పిల్లల చేత బట్టీ పట్టించాను. పరీక్ష అయ్యాక ఒక్కడికీ గుర్తు లేదు, నిజం చెప్పాలంటే నాకూ లేదు. నేల తెలిశాకే రాజులు గుర్తున్నారు. ఎవరు ఏ కొండ మీద కూర్చున్నారో, ఎవరి పొలం ఏ దారి పక్కన ఉందో తెలిస్తే, ఎవరు ముందు పోయారో ఎందుకు పోయారో మనమే ఊహించొచ్చు.

ముందు ఆ దేశం ఎంత చిన్నదో పిల్లలకు చూపించండి. 'దాను మొదలుకొని బెయేర్షెబా వరకు' అని పుస్తకంలో పదే పదే వస్తుంది. మనం కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా అంటామే, అలాంటి మాట. కానీ కొలిస్తే దాదాపు 240 కిలోమీటర్లే. హైదరాబాద్ నుంచి విజయవాడ కూడా రాదు. యెరూషలేము మీదుగా అడ్డంగా కొలిస్తే, యొప్పే రేవు నుంచి యెరికో దాకా 80 కిలోమీటర్ల లోపు. బేత్లెహేము నుంచి యెరూషలేముకు 9 కిలోమీటర్లుంటే ఎక్కువ. తెల్లారి బయల్దేరిన మనిషి పెందలాడే సంతకు చేరిపోతాడు. ఈ కొలతలు తెలియక మన పిల్లలు దావీదు సౌలు నుంచి పారిపోయాడంటే రాష్ట్రాలు దాటి పోయాడనుకుంటారు. పాపం, అతను తిరిగింది చాలావరకు మన ఒక జిల్లాలో పట్టేంత మేర. అంత దగ్గర్లో దాక్కోవాలి కాబట్టే ఆ కథల్లో అంత బిగి.

చిన్నదే కానీ చదునుగా లేదు. మీ క్లాసులో బల్ల మీద ఒక పాత దుప్పటి పరిచి, మధ్యలో నిలువుగా ఒక పెద్ద మడత లేపండి. దానికి మీ ఎడమవైపు చదునుగా ఉన్నది సముద్రతీరం. తీరానికీ మడతకీ మధ్య చిన్న చిన్న ముడతలు పెట్టండి, అవి షెఫేలా గుట్టలు. పెద్ద మడతే కొండసీమ: కింద నుంచి పైకి హెబ్రోను, బేత్లెహేము, యెరూషలేము, బేతేలు, షిలోహు, షెకెము, సమరయ అన్నీ దాని వీపు మీదో వీపుకు ఆనుకునో ఉంటాయి. మడత కుడివైపు దుప్పటిని బల్ల అంచు నుంచి కిందికి జార్చేయండి. అది యొర్దాను లోయ. ఎంత జార్చినా తప్పు లేదు, ఎందుకంటే భూమి మీద ఆరిన నేలలో అంతకన్నా పల్లం ఎక్కడా లేదు. యెరూషలేము సముద్రమట్టానికి 750 మీటర్ల పైన ఉంటే యెరికో 250 మీటర్ల కింద ఉంది. ఉప్పు సముద్రం (మృత సముద్రం) నీటిమట్టం ఇప్పుడు 430 మీటర్లకు పైగా కింద, ఏటా ఇంకా మీటరు చొప్పున తగ్గుతోంది.

మన దగ్గర నుంచి యెరూషలేము యాత్రకు వెళ్లొచ్చినవాళ్లు మీ చర్చిలో ఎవరైనా ఉంటే అడగండి. యెరూషలేములో బస్సెక్కి యెరికో వైపు పోతుంటే దారిలో 'సముద్రమట్టం' అని బోర్డు కనబడుతుంది. అందరూ దిగి ఫోటోలు దిగుతారు. ఆ తర్వాత కూడా బస్సు దిగుతూనే ఉంటుంది, చెవులు దిబ్బెళ్లు పడతాయి. పాతిక కిలోమీటర్లలో కిలోమీటరు లోతుకు దిగడమంటే మాటలా? ఇప్పుడు మంచి సమరయుడి కథ తీయండి. యెరూషలేము నుండి యెరికోకు ఒకడు 'దిగి వెళ్లుచు' దొంగల చేతిలో చిక్కాడు. ఆ 'దిగి' అన్న మాటను మనం ఎన్నిసార్లు చదివి వదిలేశామో! యెరూషలేముకైతే ఎప్పుడూ 'ఎక్కి వెళ్తారు', ఉత్తరం నుంచి వచ్చినా దక్షిణం నుంచి వచ్చినా.

దిక్కులూ మనలా ఉండవు. మన మ్యాపులో ఉత్తరం పైన ఉంటుంది. హెబ్రీయుడు సూర్యుడు పొడిచే వైపు ముఖం పెట్టి నిలబడతాడు. తూర్పుకు వాళ్ల మాట 'ఎదురు' అనే అర్థాన్నిస్తుంది. పడమరకు వాడే మాట 'సముద్రం'. దక్షిణం కుడిచేయి. బెన్యామీను అంటే 'కుడిచేతి కొడుకు' అన్న అర్థం ఇక్కడిదే. యోసేపు సంతతివాళ్లకు దక్షిణంగా ఉన్న గోత్రం కాబట్టి ఆ పేరు నేలకీ సరిపోయింది. పిల్లల్ని లేపి తూర్పుకు తిప్పి నిలబెట్టండి, ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది.

దుప్పటి మీద ఇప్పుడు పడమటి వైపు నుంచి నీళ్లు చిలకరించండి. వాన సముద్రం మీంచి వస్తుంది. కొండ మడతకు తగిలి పడమటి వాలు మీదే కురిసేస్తుంది. అవతలి వాలుకు మిగిలేది తక్కువ. యెరూషలేములో ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడితే, పాతిక కిలోమీటర్ల దూరంలోని యెరికోలో 150 మిల్లీమీటర్లు. బేత్లెహేము సరిగ్గా ఆ గీత మీద ఉంది. ఊరికి ఒక పక్క పొలాలు, ఒక పక్క అడవి. అడవి అంటే చెట్లు కావు టీచర్ గారూ, బీడు, రాళ్లు, గొర్రెలకు పనికొచ్చే గడ్డి. రూతు పరిగె ఏరుకున్న పొలమూ, ఆమె మునిమనవడు దావీదు గొర్రెలు మేపిన బీడూ ఒకే ఊరివెలా అయ్యాయో దుప్పటి చూస్తే తెలుస్తుంది. ఆ ఊరి పేరుకు అర్థం 'రొట్టె ఇల్లు'.

ఇక్కడ మీ పిల్లలకు ఒక అనుకూలం ఉంది. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయంలో మోషే అంటాడు, మీరు పోయే దేశం ఐగుప్తులాంటిది కాదు, అక్కడ కూరతోటకు కట్టినట్టు కాళ్లతో నీళ్లు కట్టేవాళ్లు, ఇది ఆకాశపు వాన తాగే కొండల దేశం అని. అంటే ఏమిటి? ఐగుప్తు మాగాణి, కనాను మెట్ట. నైలు నది ఉన్నవాడికి ఆకాశం చూడాల్సిన పనే లేదు. మెట్ట రైతుకు వేరే దిక్కు లేదు. ఈ వాక్యం కృష్ణా డెల్టా పిల్లలకు వివరించి చెప్పాలి. కనిగిరి పిల్లలకు చదివి వినిపిస్తే చాలు. ఆ దేశంలో కరువు వచ్చినప్పుడల్లా అబ్రాహాము, యాకోబు కొడుకులు ఐగుప్తు దారి ఎందుకు పట్టారో కూడా దీంతోనే తెలిసిపోతుంది. మీ వైపు నుంచి కరువు ఏళ్లలో డెల్టాకు వలస పోయినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

అయితే ఒకచోట మన తెలుగే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 'తొలకరి వర్షము, కడవరి వర్షము' అని చదవగానే మనకు మృగశిర కార్తె, కొత్త మట్టి వాసన, అరకలు గుర్తొస్తాయి. అక్కడ తొలకరి పడేది అక్టోబరు చివర్లో, నవంబరులో, అంటే మనకు కార్తీక మాసం. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లో. మధ్యలో చలికాలమే వానాకాలం. మే నుంచి సెప్టెంబరు దాకా చుక్క పడదు. (మీ వైపూ పెద్ద వానలు ఆ చలికాలం ముందే అయినా, తొలకరి అన్న మాట మాత్రం జూనుకే కదా కట్టేశాం.) ఇది తెలియకుండా సమూయేలు మొదటి గ్రంథం 12వ అధ్యాయం చదివితే ఏమీ అనిపించదు. గోధుమ కోతల వేళ సమూయేలు ప్రార్థిస్తే ఉరుములతో వాన పడుతుంది, జనం హడలిపోతారు. గోధుమ కోతలు మే, జూన్ నెలల్లో. మన పిల్లలకు జూన్‌లో వాన పడటం వింతేమిటి? అక్కడ అది మన మాఘంలో కుంభవృష్టి పడినట్టు. పైగా కోతకొచ్చిన పంట మీద!

ఇప్పుడు మనుషుల్ని తెద్దాం. ఇశ్రాయేలు అన్న పేరు పుస్తకానికి బయట మొదటిసారి కనబడేది ఈజిప్టులో. క్రీ.పూ. 1208 ప్రాంతంలో మెర్నెప్తా అనే ఫరో తన విజయాలను ఒక నల్లరాయి మీద చెక్కించాడు. దాన్ని 1896లో పెట్రీ అనే తవ్వకాల నిపుణుడు తీబ్స్‌లో బయటపెట్టాడు, ఇప్పుడు కైరోలో ఉంది. ఆ రాతలో అష్కెలోను, గెజెరు, యెనోయము అన్న పట్టణాల పేర్ల పక్కన 'దేశం' అని తెలిపే గుర్తు ఉంది. ఇశ్రాయేలు పక్కన మాత్రం ఒక పురుషుడు, ఒక స్త్రీ బొమ్మ, కింద మూడు గీతలు. అంటే జనం. ఊరు కాదు, రాజ్యం కాదు, ఇంకా స్థిరంగా పేరుపడిన నేల లేని జనం. ఇశ్రాయేలు నాశనమైంది, దాని విత్తనం లేదు అని ఫరో గొప్ప చెప్పుకున్నాడు. ఆ పేరు బయటి చరిత్రకు ఎక్కడమే 'ఇక లేదు' అన్న వార్తతో ఎక్కింది!

సరిగ్గా ఆ కాలంలోనే కొండసీమలో కొత్త పల్లెలు లేచాయి. 1967 తర్వాత పరిశోధకులు కొండలన్నీ కాలినడకన గాలించి దాదాపు 250 చిన్న ఊళ్ల ఆనవాళ్లు లెక్కపెట్టారు. ప్రాకారాలు లేవు, మేడలు లేవు. కొండవాలు మీద రాళ్లు పేర్చి మెట్లు మెట్లుగా కట్టిన చేలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద పశువులు పైన మనుషులు ఉండే ఇళ్లు. తీరాన ఫిలిష్తీయుల పట్టణాల్లో పంది ఎముకలు బాగా దొరికితే, ఈ పల్లెల్లో దాదాపు లేవు. వీళ్లు కొండల్లోనే ఎందుకున్నారంటే, న్యాయాధిపతులు మొదటి అధ్యాయమే చెప్తుంది: లోయలో ఉన్నవాళ్లకు ఇనుప రథాలుండటంతో యూదావాళ్లు వాళ్లను వెళ్లగొట్టలేకపోయారు. రథం రాళ్లలో నడవదు. కొండ వీళ్లకు కోట. తర్వాత సిరియా సేవకులు తమ రాజుతో, వాళ్ల దేవతలు కొండ దేవతలు, మైదానంలో అయితే మనం గెలుస్తాం అన్నది కూడా ఆ అనుభవంతోనే.

ఇక్కడ మీ పేర్ల చిక్కు విప్పుతాను. ఇశ్రాయేలు మొదట యాకోబుకు వచ్చిన పేరు. తర్వాత అతని సంతతి మొత్తానిది. సొలొమోను పోయాక, క్రీ.పూ. 930 ప్రాంతంలో రాజ్యం రెండుగా చీలినప్పుడు ఉత్తరాది గోత్రాలు ఆ పేరు పట్టుకుపోయాయి. దక్షిణాన మిగిలింది యూదా, రాజధాని యెరూషలేము. ఉత్తరానికి చివరికి సమరయ రాజధాని అయింది, ఒమ్రీ అనే రాజు షెమెరు దగ్గర కొండ కొని కట్టించాడు. ఉత్తర రాజ్యం పోయాక మిగిలిన యూదావాళ్లు 'మేమూ ఇశ్రాయేలే' అన్నారు, ఆ మాట తప్పు కాదు. పారసీకుల కింద యూదా ఒక చిన్న జిల్లా. రోమీయుల కాలానికి అది యూదయ. యూదులు అన్న పేరూ అక్కడిదే. కాబట్టి ఏ వచనం చదివినా, మాట్లాడేది చీలికకు ముందా తర్వాతా అని ఒక్క ప్రశ్న వేసుకోండి. 1948లో ఏర్పడ్డ ఇశ్రాయేలు దేశం వేరే పాఠం, సండే స్కూల్లో ఈ మ్యాపుతో కలపకండి. కలిపితే పొసగదు కూడా: హెబ్రోను, బేత్లెహేము, షిలోహు, షెకెము, సమరయ ఉన్న ఆ పాత కొండసీమ చాలావరకు ఇవాళ్టి వెస్ట్ బ్యాంక్. ఫిలిష్తీయుల తీరంలో అష్కెలోను, అష్డోదు ఇవాళ ఇశ్రాయేలులో ఉన్నాయి.

రెండు రాజ్యాల్లో ఉత్తరం ధనికురాలు. వాన ఎక్కువ, యెజ్రెయేలు లోయ నల్లరేగడి, తూరు పట్టణంతో వ్యాపారం. ఐగుప్తు నుంచి సిరియాకు పోయే పెద్ద దారి మెగిద్దో కనుమ గుండా వాళ్ల పొలాల మధ్యనుంచే పోతుంది. ఆ దారిలో సరుకు పోతే సుంకం వస్తుంది. సైన్యం పోతే? రోడ్డు పక్క పొలం సంగతి రైతుకు వేరే చెప్పాలా! క్రీ.పూ. 853లో సిరియాలోని ఖర్ఖరు దగ్గర అష్షూరు రాజును ఎదిరించిన కూటమిలో ఉత్తరపు రాజు అహాబు 2,000 రథాలు, 10,000 మంది కాల్బలం తెచ్చాడని ఆ అష్షూరు రాజే రాయించాడు. అంకె కొంచెం పెంచి ఉండొచ్చు గానీ, అహాబు చిన్నవాడు కాదని శత్రువే ఒప్పుకున్నాడు. పన్నెండేళ్లకే, క్రీ.పూ. 841లో, ఉత్తరపు రాజు అదే అష్షూరు రాజు కాళ్ల దగ్గర నేలకు నుదురు ఆనించిన బొమ్మ ఒక నల్లరాతి స్తంభం మీద ఉంది. వంగినది యెహూయో, ఆయన పంపిన దూతో. తమాషా ఏమిటంటే అందులో యెహూను 'ఒమ్రీ కుమారుడు' అని రాశారు. ఒమ్రీ వంశాన్ని పిల్లాజెల్లాతో సహా నరికి గద్దెనెక్కినవాడు ఆయనే! పరాయి ఆఫీసులో గుమాస్తాకు ఆ గొడవలేం పడతాయి, ఆ దేశానికి వాళ్ల రికార్డులో ఉన్న పేరు 'ఒమ్రీ ఇల్లు', అంతే.

క్రీ.పూ. 722లో సమరయ కూలింది. 27 వేల పైచిలుకు మందిని తోలుకుపోయానని అష్షూరు రాజు సర్గోను రాయించుకున్నాడు. అంటే అందర్నీ కాదు. కొందరు అక్కడే ఉండిపోయారు, కొందరు దక్షిణాదికి పారిపోయి ఉంటారు, ఆ కాలంలోనే యెరూషలేము ఒక్కసారిగా పెరిగింది. ఇశ్రాయేలీయుల బదులు అష్షూరు వాళ్లు తెచ్చి దింపిన వేరే జనాలే సమరయులయ్యారని రాజుల రెండో గ్రంథం లెక్క. మేము అసలైన ఇశ్రాయేలీయులమేనని సమరయుల లెక్క. వాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వెయ్యి మంది లోపు. ప్రతి ఏటా గెరిజీము కొండ మీద పస్కా గొర్రెల్ని కోస్తారు.

తోలుకుపోయినవాళ్ల గురించే 'తప్పిపోయిన పది గోత్రాలు' అన్న కథలు ప్రపంచమంతా పుట్టాయి. మీకు మరీ దూరం కాదు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు, విశ్రాంతి దినం పాటిస్తారు, సమాజమందిరం కట్టుకున్నారు. అష్షూరు వాళ్లు చెరపట్టినవాళ్లను దింపిన గోజాను నదీతీరం నుంచి కృష్ణ ఒడ్డు దాకా దారి చూపించే చరిత్ర ఆధారం లేదు. అయినా వాళ్ల విశ్వాసం వాళ్లది. పిల్లలు అడిగితే ఈ రెండు మాటలూ చెప్పండి, నవ్వకుండా.

యూదా పేదరాలు, దారికి పక్కగా కొండ మీద ఉంది. అందుకే ఇంకో నూట ముప్పై ఏళ్లు బతికింది. మధ్యలో క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు వచ్చి 46 ప్రాకార పట్టణాలు పట్టాడు. వాటిలో ఒకటైన లాకీషును పట్టుకున్న తీరు తన నీనెవె మందిరం గోడల నిండా చెక్కించుకున్నాడు, ఇప్పుడవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. యూదా రాజు హిజ్కియాను 'పంజరంలో పక్షిలా' యెరూషలేములో బంధించానన్నాడు. పట్టుకున్నానని మాత్రం అనలేదు. ఆ యెరూషలేముకు నీళ్లెక్కడివి? ఇక్కడ మీ లెక్కలకు పని పడింది. గీహోను ఊట కోట గోడకు బయట ఉంటే, కొండ కింద నుంచి సొరంగం తొలిచి నీళ్లను లోపలి సిలోయము కోనేటికి మళ్లించారు. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. 1880లో ఆ నీళ్లలో ఆడుకుంటున్న పిల్లలకు గోడ మీద ఒక రాత కనబడింది. ఇంకా మూడు మూరలు మిగిలి ఉండగా అవతలివాడు పిలుస్తున్న గొంతు ఇవతలివాడికి వినబడిందట. గునపానికి గునపం ఎదురై రాయి పగిలిందట. నీళ్లు 1,200 మూరలు పారాయట. రాజు పేరు లేదు, దేవుడి పేరు లేదు, అచ్చంగా కూలీవాళ్ల సంతోషం. ఇవాళ టేపు పెట్టి కొలిస్తే సొరంగం 533 మీటర్లు. పిల్లల చేత భాగించించండి: మూరకు 44 సెంటీమీటర్ల పైన వస్తుంది. తర్వాత ఒక్కొక్కడి మోచేతి నుంచి వేలి చివర దాకా స్కేలు పెట్టి కొలవమనండి. ఆ ఒక్క ఆదివారం వాళ్లు జన్మలో మర్చిపోరు.

క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును కాల్చాడు. ఇక్కడ మ్యాపు చూసే పిల్లలు ఒక ప్రశ్న తప్పక వేస్తారు: బబులోను తూర్పున ఉంటే, యిర్మీయా కీడు ఉత్తరం నుంచి వస్తుందని ఎందుకన్నాడు? మధ్యలో ఎడారి. సైన్యమైనా బిడారమైనా యూఫ్రటీసు వెంబడి పైకి వెళ్లి, సిరియా మీదుగా కిందికి దిగాల్సిందే. అబ్రాహాము అలాగే వచ్చాడు. చెరలోకి అలాగే పోయారు. ఎజ్రా తిరిగొచ్చేటప్పుడు ఆ చుట్టుదారిలో నాలుగు నెలలు నడిచాడు. పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 539లో బబులోను పట్టాక తిరిగి రావడానికి వీలు దొరికింది, 515లో గుడి మళ్లీ లేచింది. పిల్లలకు తేదీలు కావాలంటే 1208, 930, 722, 586, 539 చాలు. క్రీస్తు పూర్వం కాబట్టి అంకెలు తగ్గుతూ పోతాయని మీరు చెప్పక్కర్లేదు, నంబరు లైను గీసేస్తే సరి.

ఇక మేనల్లుడు. అతని మాటలో సగం పాత వార్త. 1993లో దాను దిబ్బ మీద, మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పడుతుంటే, గోడలో వాడేసిన ఒక రాయి మీద అక్షరాలు కనబడ్డాయి. క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దపు అరామీయ రాజు గెలుపు శాసనం అది. అందులో 'దావీదు ఇల్లు' అని యూదా రాజవంశాన్ని పేర్కొన్నాడు. దావీదు పోయి నూటయాభై ఏళ్లు అటూ ఇటూ అయ్యేసరికే పగవాడికి కూడా ఆ వంశం ఎవరిదో తెలుసన్నమాట. దీంతో దావీదు లేడనడం కష్టమైంది. అలాగని పెద్ద సామ్రాజ్యం ఏలాడని ఆ రాయి చెప్పదు. అతని రాజ్యం ఎంత అన్నదాని మీద పండితులు ఇవాళ్టికీ కొట్టుకుంటున్నారు, ఆ మాట అబ్బాయితో ఒప్పుకోండి. ఒప్పుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. ఐగుప్తు నుంచి జనం బయల్దేరిన సంగతి ఐగుప్తు రాతల్లో ఎక్కడా లేదు. యెరికోలో 1950లలో కెన్యన్ అనే ఆవిడ తవ్వి చూస్తే, కూలిన ప్రాకారాలు యెహోషువ కాలమని ఎక్కువమంది అనుకునే సమయానికి మూడు వందల ఏళ్లు ముందువని తేలింది. యెహోషువ కాల్చాడని పుస్తకం చెప్పే హాసోరు పట్టణం మాత్రం క్రీ.పూ. పదమూడో శతాబ్దంలో నిజంగానే తగలబడింది, ఎవరు తగలబెట్టారో ఆ బూడిద చెప్పదు.

మీరు నలుగురిలో అతన్ని ఓడించాలని పెట్టుకోకండి. అతను మళ్లీ వచ్చినప్పుడు మీ దుప్పటి పరిచి, దాను ఎక్కడో చూపించమనండి. చూపించాడా, మిగతా వాదన ఇద్దరూ కూర్చుని హాయిగా చేసుకోవచ్చు. చూపించలేకపోతే టీ తాగి క్లాసులో పిల్లలతో పాటు కూర్చోమనండి. పిల్లలకు మాత్రం మీరు చెప్పే పద్ధతి ఒకటి పెట్టుకోండి: రాయి చెప్పిన చోట 'రాయి చెప్తోంది' అనండి, పుస్తకం ఒక్కటే చెప్పిన చోట 'పుస్తకం చెప్తోంది' అనండి. విశ్వాసానికి దీనివల్ల వచ్చే లోటు నాకైతే కనబడలేదు. పదేళ్ల తర్వాత ఆ పిల్లల్లో ఒకడు హైదరాబాద్ వెళ్లి యూట్యూబ్ చూసి, మా టీచర్ మోసం చేసిందనుకోడు.

చివరగా పాప ప్రశ్న. ఉప్పు సముద్రంలో చేపలుండవు. మామూలు సముద్రం కన్నా పది రెట్లు ఉప్పు. యొర్దాను ఏటవాలులో కొట్టుకొచ్చిన చేప ఆ నీళ్లు తగలగానే చచ్చి తేలుతుంది. పైన గలిలయ సముద్రం మాత్రం మన కొల్లేరులాంటి మంచినీటి సరస్సు, పేతురు వలలు వేసింది అక్కడ. రెంటినీ కలిపే నది ఒకటే, కిందిదానికి బయటికి పోయే దారి లేదు. వచ్చిన నీరు ఎండకు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. ఇది చెప్పాక పాపకు యెహెజ్కేలు 47వ అధ్యాయం చదివి వినిపించండి. బబులోను చెరలో కూర్చున్న ప్రవక్త ఒక దర్శనం చూస్తాడు: గుడి గడప కింద నుంచి ఒక ఊట పుట్టి తూర్పుకు, ఆ ఎండిన వాలు మీదుగా దిగి, ఉప్పు సముద్రంలో కలుస్తుంది. నీళ్లు మంచివవుతాయి. ఏన్గెదీ ఒడ్డున జాలర్లు వలలు ఆరేసుకుంటూ ఉంటారు.